నున్నటి గోడ

పాత సరుకు సర్దుకున్నాకే కొత్త మూట విప్పాలన్నది కొట్టు నడిపే ప్రతివాడికీ తెలిసిన సంగతి. అందుకని పోయినవారం ఎక్కడ ఆగామో ముందు చూసుకుందాం. సిమెంటూ ఇనుమూ అమ్మే షావుకారుకి ఒక్కడే తమ్ముడు. ఆ తమ్ముడూ, అతని భార్యా ఇద్దరూ ఇళ్ళకి నమూనాలు గీసేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళందరికీ గీసి గీసి, చివరికి తమ కోసం ఊరి చివర రాతిగుట్ట వాలులో ఒక కాంక్రీటు ఇల్లు మొదలుపెట్టారు. పని సగంలో ఉండగా షావుకారు మరదలు జబ్బుపడింది. తమ్ముడు ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుంటే, ఇంటిపని షావుకారు నెత్తిన వేసుకున్నాడు. ఇల్లు పూర్తయింది. మనిషి దక్కలేదు. ఆమె పోయాక మొదటిసారి తమ్ముడు గుట్ట ఎక్కి వచ్చాడు. తూర్పుగది తాళం తీస్తున్నాడు. తమ్ముడి కోసం తను చేయించిన ఒక మంచిపని ఆ తలుపు వెనక ఉందని షావుకారు అతని వీపు చాటున నిలబడి లోలోపల ఉబ్బిపోతున్నాడు. అక్కడ ఆగాం.

తలుపు తెరుచుకుంది.

తమ్ముడు రెండడుగులు లోపలికి వేసి ఆగాడు. ఎదురుగా గోడ. తెల్లగా, చీమ ఎక్కినా జారిపడేంత నున్నగా ఉంది. కిటికీలోంచి పడిన ఎండ దానిమీద ఒలికిన పాలలా పరుచుకుంది. అతను కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వేరే ఎవరింట్లోకో పొరపాటున వచ్చినవాడిలా వెనక్కి తిరిగాడు.

“గోడ ఏదన్నయ్యా?”

“ఏదేమిట్రా, ఎదురుగా అంత గోడ పెట్టుకుని!” షావుకారు నవ్వాడు. “కళ్ళు చెదిరాయా? అద్దం మేస్త్రి పని అది. ఎక్కడో పెద్ద బంగళా పనిలో ఉంటే, కాళ్ళావేళ్ళాపడి పట్టుకొచ్చాను.”

“ఇది కాదు. ఇక్కడ ఉండాల్సిన గోడ.”

షావుకారు నవ్వు మొహంమీదే ఉండిపోయింది, దింపడం మర్చిపోయిన బరువులాగా.

ఈ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. మొదటిసారి నమూనా చూపించినప్పుడు షావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇల్లు కడుతున్నారా, గుట్టకి జేబు కుడుతున్నారా?” అన్నాడు. మరదలు పకపకా నవ్వి, “జేబే బావగారూ! మనుషుల్ని భద్రంగా దాచుకోవడానికి” అంది. ఒక్క బండ పగలగొట్టనివ్వలేదు ఆమె. బండ అడ్డొచ్చినచోట గోడ వంగి పక్కకి తిరిగింది. నేల గుట్టతోపాటే మెట్టుమెట్టుగా దిగింది. వాననీళ్ళు పారే దారి ఇంటి కిందనుంచి అలాగే వదిలేసింది. “నీళ్ళు మనకంటే ముందు కాపురం పెట్టాయి బావగారూ, మనమే సర్దుకోవాలి” అనేది. స్లాబుమీద మట్టిపోసి గడ్డి పెంచింది. గుట్టపైనుంచి చూస్తే అక్కడ ఇల్లుందని కూడా తెలియదు. కాంక్రీటులో ఆ గుట్ట రాతిపొడే కలిపించింది. దాంతో గోడకీ బండకీ రంగులో తేడా లేకుండాపోయింది. ఇక సిమెంటు పూత లేదు, సున్నం లేదు, రంగు లేదు. పోసినది పోసినట్టే ఉండాలి.

అక్కడే షావుకారుకి మింగుడు పడలేదు. “తోలొలిచిన మేకలా ఉంటుందమ్మా! నేను అమ్మేదే సిమెంటు, నా సొంత తమ్ముడే గోడకి పూత వద్దంటే ఇంక నా కొట్టు గడప ఎవడు తొక్కుతాడు?” అని మొత్తుకునేవాడు. “మీ కొట్టు ముందు ఈ ఇంటి ఫొటో పెట్టం లెండి” అని మరదలు భరోసా ఇచ్చేది. ఆ ఇల్లు అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. ఆ పిల్ల మాత్రం అర్థమైంది. మరదలంటే అతనికి ఇంటికి ఆలస్యంగా వచ్చిపడిన చెల్లెలు.

“ఆకులేవి?” అన్నాడు తమ్ముడు.

“ఏ ఆకులు?”

“గోడమీద ఆకులు.”

“ఓ, ఆ చెత్తా!” షావుకారు ఊపిరి పీల్చుకున్నాడు. ఇదన్నమాట సంగతి. తమ్ముడికి ఎవడో ముందే చేరవేశాడు. “నీకు చెప్పకుండా సర్దేద్దామనుకున్నాను. కాంక్రీటు పోసిన సెంట్రింగ్ చెక్కలు విప్పేసరికి నా గుండె జారిపోయిందనుకో. గోడనిండా మచ్చలు, గుంటలు, పగుళ్ళలాంటి గీతలు. అక్కడక్కడా కుళ్ళిన ఆకులు అతుక్కుని నల్లగా కారుతున్నాయి. చెక్కలు శుభ్రం చెయ్యకుండా పోసేశారు వెధవలు! యజమాని దగ్గర లేకపోతే పని ఇలాగే తగలడుతుంది. సెంట్రింగ్ మేస్త్రిని నిలబెట్టి కడిగేశాను. వాడు పైగా ‘అమ్మగారే దగ్గరుండి’ అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అక్కడ చావుబతుకుల్లో ఉంటే ఆవిడ పేరు చెప్పి తప్పించుకుంటావురా అని ఇంకోమాట మాట్లాడనివ్వలేదు.”

తమ్ముడు నెమ్మదిగా నేలమీద కూర్చున్నాడు. గోడకి ఎదురుగా, బాసిపట్లు వేసుకుని, పాఠం వినబోయే పిల్లాడిలాగా.

“వాడు నిజమే చెప్పాడన్నయ్యా.”

“ఏమిటి నిజం?”

“తనే దగ్గరుండి పోయించింది. ఆకులు తనే పెట్టింది. ఈ గుట్టమీది ప్రతి చెట్టుదీ ఒక ఆకు ఏరుకొచ్చింది. చెక్కలకి లోపలివైపు ఒక్కొక్కటే జిగురుతో అంటించింది. కాంక్రీటు బిగిశాక చెక్కలు తీస్తే ఆకు అచ్చు గోడమీద ఉండిపోతుంది, ఈనెలతో సహా. అప్పటికే నడుం నొప్పి తనకి. మోకాళ్ళమీద కూర్చునే పని చేసింది. అది మామూలు నొప్పి కాదని అప్పుడు మాకెవరికి తెలుసు?”

సరుకు బండి తిరగబడినప్పుడు ముందు చప్పుడు వినబడుతుంది, నష్టం ఎంతన్నది తర్వాతగాని తెలియదు. షావుకారు ఇంకా ఆ చప్పుడు దగ్గరే ఉన్నాడు.

“ఆస్పత్రిలో పొద్దున లేస్తూనే అడిగేది. తెరిచారా? అచ్చు పడిందా? నువ్వొచ్చాకే తెరుస్తాం అనేవాణ్ణి. ఆఖరికి మాట రానప్పుడు కూడా చేత్తో చూపించేది, ఇలా.” తమ్ముడు అరచెయ్యి గాలిలో ఆనించి మెల్లగా వెనక్కి తీశాడు, చెక్క విప్పుతున్నట్టు.

“నాకొక్క మాట చెప్పొద్దుట్రా?”

“ఎవరికీ చెప్పొద్దంది. చెక్కలు తీసినప్పుడు అందరూ ఒకేసారి చూడాలంది. నీ మొహం ఎలా మారుతుందో చూడాలని తనకి మహా సరదా. ‘మీ అన్నయ్య నా ఇంటిని మేక అన్నారు కదా, ఆరోజు చెబుతా ఆయన పని’ అనేది.”

“నేను ఫోన్లో అడిగాను కదరా, చెక్కలు విప్పించనా అని!”

“అడిగావు. నీ ఇష్టం అన్నాను.” తమ్ముడి గొంతులో కోపం లేదు. అదే షావుకారుని ఎక్కువ భయపెట్టింది. “అప్పుడే డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. ఆ పూట నన్నెవరేం అడిగారో, నేనేం అన్నానో నాకే తెలియదు.”

అప్పుడు షావుకారులోని వ్యాపారి లేచి కూర్చున్నాడు. వెనక్కి తీసుకోలేని సరుకంటూ ఉండదన్నది అతను జీవితమంతా నమ్మిన మాట.

“ఒరేయ్, ఇంతేనా? పూతేగా! అది వేసినవాడే తీస్తాడు. అచ్చు లోపలే ఉంటుందిగా, ఎక్కడికి పోతుంది? లే, లే, మొహం కడుక్కో. సాయంత్రానికి నీ ఆకులు నీకు అప్పజెబుతాను.” కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు. “అద్దం మేస్త్రీ! ఉలీ సుత్తీ పట్టుకుని రావయ్యా!”

అద్దం మేస్త్రి వరండా అంచు సరిచేస్తున్నవాడు ఉలీ సుత్తీ పట్టుకుని తాపీతో సహా వచ్చాడు. సన్నటి మనిషి. తను పూసిన గోడలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్న మాటతో ఆ పేరు స్థిరపడిపోయింది.

“ఈ పూత ఊడగొట్టాలి” అన్నాడు షావుకారు.

మేస్త్రి గోడవైపు చూశాడు, అతనివైపు చూశాడు. “ఏం తప్పొచ్చిందయ్యా?”

“నీ తప్పేం లేదు. ఊడగొట్టు. వెనక గోడ దెబ్బతినకుండా, రొట్టె మీది పొరలా పైపైన రావాలి.”

“అలా రాదయ్యా.”

“ఎందుకు రాదు? నా కొట్టు పక్కింట్లో పెచ్చులు పెచ్చులుగా దానంతటదే రాలుతోంది!”

“అది గాట్లు కొట్టకుండా పూసిన పూతయ్యా. ఇది కాంక్రీటు గోడ. నున్నగా ఉంటుంది, పూత పట్టదు. అందుకని ముందు ఉలితో గోడనిండా గాట్లు కొడతాం. మామూలుగా అయితే అక్కడోటీ ఇక్కడోటీ. మీరే కదా నిలబడి చెప్పారు. నా తమ్ముడి ఇల్లు, కక్కుర్తి పడకు, వేలు పెట్టే సందు లేకుండా గాట్లు కొట్టు, నేనుపోయినా ఈ పూత ఉండాలి అన్నారు. మనుషుల్ని పెట్టి కొట్టించాం. చేతులు బొబ్బలెక్కాయి వాళ్ళకి. మీరు సంతోషించి టీలు కూడా తెప్పించారు.”

షావుకారుకి అన్నీ గుర్తున్నాయి. ఆ ఉలి చప్పుడు గుట్టంతా మోగుతుంటే తను బండమీద కూర్చుని వింటూ, తమ్ముడికి ఇంతకంటే ఏం చెయ్యగలను అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

పుట్టిందగ్గర్నుంచీ అతను ఏ పనిలోనూ అవసరానికి మించి ఖర్చు పెట్టినవాడు కాదు. తాడు కొంటే కొలిచి కొనేవాడు, మేకు వంగితే సరిచేసి వాడేవాడు. ఆ బుద్ధితోనే ఈ గోడ కూడా కానిచ్చి ఉంటే, చవకలో ఎవడిచేతో పైపైన పూయించి ఉంటే, ఈపాటికి పెచ్చులుగా ఊడొచ్చి లోపల ఆకులన్నీ భద్రంగా ఉండేవి. జన్మలో ఒక్కసారి చెయ్యి విప్పాడు. ఆ ఒక్కసారే ముంచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్చుకోలేదు తను.

“కొట్టు” అన్నాడు. “ఒకచోట కొట్టి చూపించు.”

మేస్త్రి కిటికీ పక్కన ఉలి ఆనించి కొట్టాడు. తెల్లటి పూత చిట్లింది గానీ ఊడలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాక అరచేయంత ముక్క వచ్చింది, గోడ చర్మం కొంచెం పట్టుకునే వచ్చింది. లోపల బూడిదరంగు కాంక్రీటు మశూచి వచ్చి తగ్గిన మొహంలా ఉంది. తమ్ముడు లేచి దగ్గరికి వెళ్ళాడు. వేలితో ఆ గుంటలన్నీ మెల్లగా తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. రెండు గాట్ల మధ్య, వెంట్రుకంత సన్నటి గీత. కొంచెం వంపు తిరిగి, ఒక పాయ చీలి, అంతలోనే గాటులో పడి మాయమైంది.

“ఈనె” అన్నాడు.

మేస్త్రి ఉలి కింద పెట్టేశాడు. ఇంకేమీ అడగకుండా తాపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

“నన్ను తిట్టరా” అన్నాడు షావుకారు. “గట్టిగా తిట్టు. నాలుగు తగిలించు.”

“తిట్టి ఏం చెయ్యను?” తమ్ముడు ఆ గీతమీదనుంచి వేలు తియ్యలేదు. “వదిన ఫోన్ చేసింది. బయల్దేరారట.”

“ఎవరు?”

“వదినా, మా పాపా. వాళ్ళమ్మ గోడ చూస్తానని పొద్దుట్నుంచీ గొడవట. దానికి తెలుసు. ఆకులు ఏరింది అదే కదా తనతోపాటు.”

అప్పుడు చేరింది నష్టం షావుకారు దగ్గరికి, పూర్తిగా. అతనికి పిల్లల్లేరు. మరదలు ఆస్పత్రిలో పడినప్పట్నుంచీ పాప అతని ఇంట్లోనే ఉంది. బడి అవగానే కొట్టుకొచ్చి గల్లాపెట్టె పక్కన ఎత్తు స్టూలెక్కి కూర్చునేది. బేరాలాడేవాళ్ళని “మా పెదనాన్న తగ్గించడు, మీకెందుకు శ్రమ?” అని పంపించేసేది. తల్లి పోయిన రోజున ఎవరి దగ్గరికీ పోకుండా అతని చొక్కా పట్టుకుని నిద్రపోయింది. ఆ రాత్రి అతను చొక్కా విప్పకుండా, పక్కకి కదలకుండా తెల్లారేదాకా అలాగే ఉన్నాడు. అంతకుమించిన ఆస్తి అతనికి లేదు.

“నేను చెబుతాను దానికి” అన్నాడు తమ్ముడు. “అచ్చు పడలేదంటాను. అమ్మ ప్రయత్నం చేసింది, కుదరలేదు, అందుకని పూత పూయించామంటాను.”

మంచి బేరం. షావుకారుకి అది చూడగానే తెలిసింది. ఎవరి చేతికీ మట్టి అంటదు. పాప ఒకపూట ఏడుస్తుంది, సాయంత్రానికి తన ఒళ్ళోనే పడుకుంటుంది. ఇంతకంటే చవకలో ఎక్కడా తెగదు.

“వద్దు” అన్నాడు.

“అన్నయ్యా!”

“ఆవిడకి కుదరకపోవడమేమిట్రా? కుదిరింది. నేను కళ్ళతో చూశాను. నా బుర్రకి అర్థం కాలేదు గానీ కుదిరింది. ఆ పిల్ల రేపు పెద్దదై, మా అమ్మ ఆఖరిపని చెడిపోయింది అని నలుగురికీ చెప్పుకోవాలా? పోయిన మనిషి నెత్తిన నా తప్పు వేసి, దాని పక్కన కూర్చుని అన్నం ఎలా తింటాను?”

“అమ్మ పోయింది దానికి.” తమ్ముడు అప్పుడు ఆ గీతమీదనుంచి వేలు తీశాడు. “నేనున్నాను గానీ చూస్తున్నావుగా, ఎందుకూ పనికిరాకుండా ఉన్నాను. నువ్వు కూడా లేకుండాపోతే దానికి ఎవరు మిగులుతారు? నీ కోసం కాదు, దానికోసం ఊరుకో.”

షావుకారు, రెండు పళ్ళాలూ సమానంగా ఆగిపోయిన త్రాసులా నిలబడిపోయాడు. ఇంతలో కిందనుంచి కారు తలుపు చప్పుడూ, “పరిగెత్తకే, జారుతుంది!” అన్న తన భార్య కేకా వినబడ్డాయి.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. పాప బండల మధ్యనుంచి ఎగురుకుంటూ వచ్చింది. తండ్రి కాళ్ళకి ఒకసారి చుట్టుకుని, వెంటనే షావుకారు చెయ్యి పట్టేసుకుంది.

“పెదనాన్నా! చెక్కలు తీశారంట! చూశావా? నీ ఆకు చూశావా?”

“నా ఆకా?”

“అయ్యో, చూళ్ళేదా!” పాప నడుంమీద చెయ్యి పెట్టుకుంది, అచ్చం కొట్లో పెట్టుకున్నట్టే. “మనందరికీ తలో ఆకుంది. నాది చిన్నది, ముళ్ళుంటాయి. అల్లరి కదా, అందుకని. నాన్నది వంకరది. పెద్దమ్మది గుండ్రంగా ఉంటుంది. నీదే అన్నిటికన్నా పెద్దది. అడుగున, మూలకి పెట్టింది అమ్మ. ‘పెదనాన్నని కింద పెట్టావేంటమ్మా’ అని అడిగా. అందరి బరువూ ఆయనే మోస్తున్నాడు కదా, ఆయన అడుగున లేకపోతే మనందరం పడిపోతాం అంది.”

షావుకారు వరండా స్తంభం పట్టుకున్నాడు. అతని భార్య చెప్పులు విప్పుతున్నదల్లా తలెత్తి భర్త మొహం చూసి అలాగే ఆగిపోయింది. తమ్ముడు పాప వెనకనుంచి తల అడ్డంగా ఊపాడు. వద్దు, చెప్పకు.

షావుకారు మోకాళ్ళమీద కూర్చున్నాడు. పాప కళ్ళూ అతని కళ్ళూ ఒక ఎత్తుకి వచ్చాయి.

“తల్లీ, అమ్మ గోడ చాలా బాగా వచ్చింది. ఒక్క ఆకు పోకుండా అచ్చు పడింది. అది అమ్మ పనని నాకు తెలీలేదు. ఎవరో చెత్తతో పాడుచేశారనుకున్నాను. ఉలితో కొట్టించి పైన పూత పూయించేశాను. ఇప్పుడు ఆకులు లేవు. మీ నాన్న చెయ్యలేదు. మేస్త్రి చెయ్యలేదు. నేను చేశాను.”

పాప వింది. చివరిదాకా వింది. ఏడుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. ఏదీ చెయ్యలేదు. అతని చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది, విదిలించకుండా, ఒక్కొక్క వేలే. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది. తూర్పుగది తలుపు మూసుకుంది. గడియ పడింది.

“పాపా!” తమ్ముడు పరిగెత్తాడు. “తలుపు తియ్యమ్మా, నేనమ్మా, నాన్నని!”

లోపల అరచేత్తో గోడని రుద్దుతున్న చప్పుడు వినబడింది. ఈ చివరినుంచి ఆ చివరికి, కింద మూలదాకా వెళ్ళి ఆగింది. వరండాలో ముగ్గురూ ఆ చప్పుడు ఆగినచోటే ఆగిపోయారు.

“నాన్నా” అంది లోపలినుంచి పాప. గొంతులో తడి లేదు.

“చెప్పు తల్లీ.”

“పెదనాన్నని వెళ్ళిపొమ్మను. ఈ ఇంటికి ఇంక రావద్దను. ఆయన వెళ్ళాకే తలుపు తీస్తా.”

తమ్ముడు నుదురు తలుపుకి ఆనించి నిలబడ్డాడు. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి అన్నవైపు చూశాడు. షావుకారు నేలమీంచి లేవలేదు. తమ్ముడి పెదవులు కదిలేదాకా, తీర్పు వినడానికి వచ్చినవాడిలా, అలాగే కూర్చున్నాడు.